ఉన్నచోటే ఉండండి

ఆ వీధిలోకి బండ్లు రానివ్వరు. ఈ చివర సినిమా హాళ్ళు, ఆ చివర ఫౌంటెను, మధ్యలో బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, బొమ్మల కొట్లు, కూర్చుని తినే హోటళ్ళు, నిలబడి తినే హోటళ్ళు, మెట్లెక్కితే చక్రాల బూట్లు వేసుకుని జారే హాలు. ఊళ్ళో ఎవరికి సంబరం కలిగినా, ఎవరికి ఏమీ తోచకపోయినా కాళ్ళు ఇటే లాక్కొస్తాయి. కొనేవాళ్ళు కొంటారు, తినేవాళ్ళు తింటారు, మిగిలినవాళ్ళు ఆ రెండు రకాల మనుషుల్నీ చూస్తూ నడుస్తారు. సెలవు రోజు సాయంత్రం అక్కడ పట్టుకున్న చెయ్యి వదిలితే మనిషి మాయమే. అందుకే ఆ వీధికి ఒక మైకు గది ఉంది, ఆ గదిలో ఒక మైకమ్మ ఉంది.

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతమిచ్చే ఆఫీసులో తప్ప దానితో ఎవరికీ పనిపడలేదు. ఆవిడ గొంతు తియ్యగా ఉంటుందని ఎవరైనా అంటే అది ఉత్త మొహమాటం. కాస్త బొంగురు, కాస్త కోపం, బోలెడు చనువు. పక్కింటి పిన్ని గోడ మీంచి పిలిచినట్టుంటుంది. సినిమా వేళలు చెప్పినా, ఎవరిదో కళ్ళజోడు దొరికిందని చెప్పినా, విన్నవాళ్ళకి తమ ఇంట్లో మనిషి చెప్పినట్టే అనిపించేది.

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లో పిల్లాడో తప్పిపోయారంటే కొట్లవాళ్ళంతా వెతకడానికి వీధిలోకి పరిగెత్తేవాళ్ళు. వెతికేవాళ్ళే ఒకరికొకరు అడ్డం. ఒకసారి వెతకబోయిన మనిషే తప్పిపోతే అతన్ని వెతకాల్సి వచ్చింది. ఈవిడకి ఒళ్ళు మండింది. "ఎవరి గడప వాళ్ళు చూసుకోండి. గడప దిగొద్దు. మీ ముందునుంచి వెళ్ళే మొహాలు చూడండి చాలు. కనబడితే చేతిలో ఏదుంటే అది పైకెత్తండి" అని మైకులోనే కేకలేసింది. అప్పట్నుంచి అదే పద్ధతి. చెప్పులాయన చెప్పు ఎత్తేవాడు, హోటలు వాళ్ళు పళ్ళెం ఎత్తేవాళ్ళు. బట్టల కొట్టావిడ ఒకసారి కంగారులో అద్దాల వెనక నిలబెట్టే బొమ్మ చెయ్యి ఊడదీసి ఎత్తింది. అది చూసి తప్పిపోయిన పిల్లకన్నా దాని తల్లి ఎక్కువ ఏడ్చింది.

ఇక తప్పిపోయినవాళ్ళతో మైకమ్మ చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. "ఉన్నచోటే ఉండండి. మీవాళ్ళు వస్తున్నారు." ఆ మాట విని నోట్లో వేలేసుకుని నిలబడిపోయిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుని అదే వీధికి వస్తున్నారు.

అలాంటి గొంతులో చిన్న కాయ ఒకటి లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. చేసిన డాక్టరమ్మ మనిషి చిన్నదే గానీ మాట కత్తి. "మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చెడ్డవి. మళ్ళీ నేను చూసి సరేననేదాకా మీకు నోరు లేదనుకోండి. తొందరపడి ఒక్క మాట అన్నా గాయం విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఏ గొంతు వస్తుందో, అసలు వస్తుందో రాదో నేను చెప్పలేను" అంది. మైకమ్మ బుద్ధిగా తల ఊపింది. పుట్టి బుద్ధెరిగాక ఎదుటి మనిషికి జవాబు చెప్పకుండా తల ఊపి ఊరుకోవడం ఆవిడకి అదే మొదలు.

ఆవిడ వచ్చేదాకా మైకు ముందు సినిమా హాల్లో టికెట్లు చింపే పెద్దమనిషిని కూర్చోబెట్టారు. ఆయన్ని అందరూ ఇంటర్వెల్ అంటారు. గొంతు గంభీరమైనదే. కాకపోతే పర్సు పోయిందని చెప్పినా వచ్చే శుక్రవారం విడుదల అన్నట్టుంటుంది.

మైకమ్మ ఇల్లు ఆ వీధి వెనక సందులోనే, రెండో అంతస్తులో. మొగుడు లారీ డ్రైవరు, ఒకసారి వెళ్ళాడంటే ఎప్పుడు తిరిగొస్తాడో లారీకే తెలియాలి. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారు వెనకటికి ఒక హాస్టల్లో పిల్లలకి వండిపెట్టిన మనిషి, ఆవిడ గొంతూ తక్కువది కాదు. ఫ్యాను వేస్తే ఒకరికి చలి, తీస్తే ఒకరికి ఉక్క. కిటికీ దగ్గర మొదలైన మాట వీధి గుమ్మం దాకా వచ్చేది. వాళ్ళు మాట్లాడుకుంటున్నారో దెబ్బలాడుకుంటున్నారో పక్క వాటావాళ్ళకి ఇన్నేళ్ళయినా తేలలేదు. కోడలు పనికి వెళ్ళాక కూడా అది ఆగేది కాదు. ఆ కిటికీలోంచి మైకు వినబడుతుంది కదా, అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏమిటా తొందర, రైలు పోతోందా? మెల్లిగా చెప్పు" అని గాలికి జవాబు చెప్పేది.

ఈ మధ్య అత్తగారికి జ్ఞాపకాలు జారిపోతున్నాయి. పాతవి గట్టిగానే ఉన్నాయి, కొత్తవి నిలవడం లేదు. ఆపరేషన్ సంగతి కోడలు పలక మీద రాసి చూపిస్తే, "అయ్యో తల్లీ, ఎంత కష్టం వచ్చిందే" అని కళ్ళు తుడుచుకునేది. కాసేపటికి అదీ పోయేది. రెండు రోజులు గడిచాక ఆవిడ తీరు మారింది. కోడల్ని మామూలుగా "ఏమే" అని తప్ప పిలవని మనిషి "ఏమండీ" అనడం మొదలుపెట్టింది. "మీరు తిన్నారా?" "మీకెందుకండీ శ్రమ, నేను కడుక్కుంటాను కదా."

మైకమ్మకి ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో దెబ్బలాట ముదిరితే ఇద్దరూ "మీరు" లోకి దిగడం పాత అలవాటు. 'నేను మాట్లాడటం లేదని అలిగింది. నాకు నోరు లేని రోజు చూసి దెప్పుతోంది' అనుకుంది. ఎదురు చెప్పడానికి నోరు లేదాయె, పలక మీద కోపం రాయబోతే సుద్ద విరిగింది. అలకే కదా, తగ్గితే తనే దారికొస్తుందని ఊరుకుంది.

ఆ సెలవు రోజు మధ్యాహ్నం కూడా అత్తగారు కంచం తనే కడిగి బోర్లించి, "వంట బాగా చేశారండీ" అంది. మైకమ్మ మూతి తిప్పుకుని, ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. బట్టలు మడిచి కిందికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అత్తగారి చెప్పులు లేవు. మేకుకి తగిలించి ఉండే గుడ్డ సంచీ లేదు. మెట్ల మీద అత్తగారు లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తయ్యా" అని కేకెయ్యబోయి, చేత్తో నోరు మూసుకుంది. కేక గొంతులోనే మడతపడి ఉండిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా సందులోంచి పెద్ద వీధిలోకి పరిగెత్తింది.

వీధి కిటకిటలాడుతోంది. తప్పుకోండి అనడానికి నోరు లేదు. భుజాలతో తోసుకుంటూ పోతుంటే కొందరు తిట్టారు, ఒకాయన కాలు తొక్కాడు. ఎదురొచ్చే ప్రతి నెరిసిన తలా అత్తగారిలాగే ఉంది, దగ్గరికి వెళితే ఒక్కటీ కాదు. వీధి చివర పెద్ద రోడ్డుంది, దాని మీద నలుదిక్కులకీ పోయే బస్సులున్నాయి. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఎక్కిస్తే మహాతల్లి ఎక్కేస్తుంది, ఎక్కడ దిగాలో ఆవిడకి తెలియదు. ఆ బస్సులు గుర్తొచ్చేసరికి మైకమ్మ మైకు గది వైపు తిరిగింది.

మైకు గదిలో ఇంటర్వెల్ టీ తాగుతున్నాడు. ఆవిడ మొహం చూసి గ్లాసు పక్కన పెట్టాడు. ఆవిడ బల్ల మీది కాగితం లాక్కుని 'మా అత్తగారు' అని మాత్రం రాయగలిగింది.

"కనబడటం లేదా? కంగారుపడకమ్మా, చెప్పేద్దాం. ఏం బట్టలు వేసుకున్నారు?"

మైకమ్మ చేతిలో కలం ఆగిపోయింది. ఈ ప్రశ్న ఆవిడ ఎంతమంది తల్లుల్ని అడిగిందో లెక్కలేదు. తెల్లమొహం వేసిన తల్లిని చూసి, కన్నబిడ్డ చొక్కా రంగు తెలియదా అని లోలోపల విసుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు తనకే తెలియడం లేదు. పొద్దుటినుంచి ఎదురుగా తిరిగిన మనిషి. కోపం మీద సరిగ్గా చూడనేలేదు. కళ్ళు మూసుకుని కంచం కడుగుతున్న చేతుల్ని గుర్తు తెచ్చుకుంది. చేతుల మీద మోచేతుల దాకా లాక్కున్న బూడిదరంగు స్వెటరు. అది రాసింది.

ఇంటర్వెల్ మైకు దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి ఆయన గొంతులో సినిమా లేదు. "అందరూ వినండి. మన మైకమ్మ అత్తగారు తప్పిపోయారు. పెద్దావిడ, బూడిదరంగు స్వెటరు, చేతిలో గుడ్డ సంచీ. మైకమ్మ మాట్లాడకూడదు, మీకు తెలుసు కదా. ఎవరి గడప వాళ్ళు చూడండి. దయచేసి చూడండి."

ఇన్నేళ్ళుగా ఆ మాట చెప్పి ఊరుకోవడమే గానీ, చెప్పాక వీధిలో ఏమవుతుందో మైకమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆవిడుండే గదికి సినిమా హాలు గోడ అడ్డం. ఇవాళ గదిలోంచి బయటికి వచ్చి నిలబడితే కనబడింది. కత్తెర చేతిలో ఉండగానే జుట్టు కత్తిరించే ఆవిడ గడపలోకి వచ్చింది. ఆవిడ వెనకే సగం తల తడిసిన గిరాకీ. చెప్పులాయన ఒక కాలికి చెప్పు తొడిగి రెండో కాలు వదిలేసి వచ్చాడు. పిండి చేతులతో బేకరీ వాళ్ళు. చక్రాల బూట్లు అద్దెకిచ్చే ఆవిడ మెట్ల మీద. బొమ్మల కొట్టాయన స్టూలెక్కి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్క గడపా ఖాళీగా లేదు. ఎవరూ పరిగెత్తడం లేదు, ఎవరూ అరవడం లేదు. ముందునుంచి వెళ్ళే ప్రతి మొహాన్నీ ఓపిగ్గా చూస్తున్నారు, తమ సొంత అమ్మ కోసం చూస్తున్నట్టు.

కంగారులో కూడా మైకమ్మకి కళ్ళు నిండాయి. ఇంతమంది ఉన్నారా తనకి. ఒక్కదాన్నే గదిలో కూర్చుని గోడతో మాట్లాడుతున్నానని అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆవిడ నడుస్తూ అటూ ఇటూ గడపల మీది చేతుల్నే చూస్తోంది. ఏదీ లేవలేదు. బట్టల కొట్టావిడ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. పళ్ళరసం కొట్టాయన పెదవి విరిచాడు. సగం వీధి అయిపోయింది. పెద్ద రోడ్డు మీది బస్సుల హారన్లు వినబడే దూరానికి వచ్చేసింది. అప్పుడు ఫౌంటెను పక్కన, జనం తలల మీదుగా, ఆవిరి కక్కుతూ పొడుగు పిడి జల్లిగరిటె ఒకటి పైకి లేచింది. నూడుల్స్ వంటాయనది. ఎంత సంతోషంగా ఎత్తాడంటే అందులోంచి నాలుగు పోగులు జారి ఆయన నెత్తినే పడ్డాయి.

అత్తగారు ఫౌంటెను దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది. బెంచీ పక్కన లౌడుస్పీకరు కట్టిన స్తంభం. ఒళ్ళో గుడ్డ సంచీ, సంచీ మీద రెండు చేతులూ. రైలు కోసం కూర్చున్న మనిషిలా కుదురుగా ఉంది.

"ఇక్కడే ఉన్నారమ్మా. ఎండగా ఉందని కాసిని మంచినీళ్ళిచ్చాను" అన్నాడు వంటాయన.

మైకమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎలా చెప్పాలో తెలియక ఆ చేతినే రెండుసార్లు కళ్ళకద్దుకుంది. తర్వాత వెళ్ళి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

అత్తగారు ఆవిణ్ణి చూసి నవ్వింది. "మీరొచ్చారా? నా కోసం మీరెందుకండీ ఎండలో పడి రావడం" అని, వంటాయన వైపు తిరిగింది. "ఈవిడ మా ఇంట్లో ఉంటారు బాబూ. చాలా మంచావిడ. వేళకి అన్నం పెడతారు. పాపం, మాటలు రావు."

ఇన్ని రోజులుగా మైకమ్మ దెప్పిపొడుపనుకున్న "మీరు" ఇదా. అది కోపం కాదు, అలక కాదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇచ్చే మర్యాద.

"మరి ఇక్కడ ఎవరి కోసం కూర్చున్నారు పెద్దమ్మా?" వంటాయన అడిగాడు.

"మా కోడలి కోసం. రోజూ ఇదిగో, ఈ డబ్బాలోంచే మాట్లాడుతుంది. ఈ మధ్య దాని గొంతు వినబడటం లేదు. ఒంట్లో బాగాలేదో, ఎవరితోనైనా గొడవపడిందో. ఎవరో ఒకాయన మాట్లాడుతున్నాడు. గొంతు బాగానే ఉంది గానీ, మందులమ్మేవాడిలా ఉంది."

అప్పుడే రొప్పుతూ వచ్చిన ఇంటర్వెల్ ఆ మాట విని నోరు మూసుకున్నాడు.

"ఇంటికి వెళ్దాం పదండి. మీ కోడలు ఇంటికే వస్తుంది" అన్నాడు వంటాయన.

"అది రాకుండా నేనెందుకొస్తాను? దానికి షాలు తెచ్చాను." అత్తగారు సంచీ తట్టి చూపించింది. "సాయంత్రం చల్లగాలి మెడకి తగిలితే దాని గొంతు పాడవుతుంది. దాన్నే నమ్ముకున్న ఉద్యోగం. చెప్తే వినదు. నా మాట వింటే అది నా కోడలెందుకవుతుంది."

ఎవరెన్ని చెప్పినా ఆవిడ లేవలేదు. మైకమ్మ మెల్లగా చెయ్యి పట్టుకుని లేపబోతే, "వద్దండీ, ఏమీ అనుకోకండి, నేను రానండీ" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. బెదిరిపోతోంది. ఇంకాస్త బలవంతం చేస్తే లేచి ఎటైనా పోతుంది, ఆ పక్కనే పెద్ద రోడ్డు.

ఒక్క మాట చాలు. ఆ సంగతి మైకమ్మకి తెలుసు. "అత్తయ్యా" అంటే చాలు, ఆవిడ లేచి వచ్చేస్తుంది. ఆ ఒక్క మాటతో గొంతు పోతే? మైకు పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇన్నేళ్ళ బతుకంతా ఆ గొంతే. ఎదురుగా కూర్చున్న మనిషి మెడ మీది నరాల్ని, భయంతో సంచీని దగ్గరికి లాక్కుంటున్న వేళ్ళని చూసింది. పోతే పోనీ అనుకుంది. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

షాంపూ వాసనేసే చెయ్యి ఒకటి గట్టిగా ఆ నోరు మూసేసింది.

"ఆగక్కా" అంది జుట్టు కత్తిరించే ఆవిడ. కత్తెర జేబులో పెట్టుకుని, గిరాకీని తడి తలతోనే వదిలేసి వెనకే వచ్చింది. "నువ్వు మాట్లాడక్కర్లేదు. నీ గొంతు మా దగ్గర బోలెడుంది."

ఆవిడ ఫోను తీసి గబగబా వెతికింది. కూతురి పుట్టినరోజు వీడియో. జుట్టు కొట్లోనే చేశారు, అద్దాల ముందు కేకు. పిల్ల కొవ్వొత్తి ఊదబోతుంటే వెనకనుంచి, తలుపులోంచి, మైకమ్మ గొంతు వచ్చింది. అదే బొంగురు, అదే చనువు. "పసుపు గౌను వేసుకున్న పాపా, ఉన్నచోటే ఉండండి. మీవాళ్ళు వస్తున్నారు."

అత్తగారు చప్పున తలెత్తింది. మొహం వెలిగిపోయింది. స్తంభం వైపు చూసింది, ఫోను వైపు చూసింది. జల్లిగరిటె చూసి వచ్చిన కొట్లవాళ్ళు కొందరు చుట్టూ మూగారు.

"విన్నారా? అదే మా కోడలు" అంది. అని, బెంచీ మీద ఇంకాస్త వెనక్కి జరిగి, చెప్పులు విడిచి కాళ్ళు కూడా పైకి పెట్టుకుని కూర్చుంది. "ఉన్నచోటే ఉండమంది. ఇక నేను కదలను."

ముందు వంటాయన నవ్వాడు, తర్వాత ఇంటర్వెల్, తర్వాత అందరూ. మైకమ్మకి నవ్వు తన్నుకొచ్చింది, చప్పుడు రాకుండా రెండు చేతులతో నోరు నొక్కుకుని వంగిపోయింది. ఊరందరికీ నేర్పిన మాట చివరికి తన ఇంటికే వచ్చి తగులుకుంది.

"ఇంకోటి వెతకండి. ఇంటికి వెళ్ళమని చెప్పేది కావాలి" అన్నాడు ఇంటర్వెల్.

అందరూ ఫోన్లు తీశారు. చక్రాల బూట్ల ఆవిడ దగ్గర కొడుకు మొట్టమొదట పడకుండా జారిన వీడియో ఉంది, వెనకాల మైకమ్మ ఎవరిదో గొడుగు దొరికిందని చెబుతోంది. బేకరీ వాళ్ళ దగ్గర కొత్త పొయ్యి వెలిగించిన రోజు, మైకమ్మ రెండో ఆట వేళలు చెబుతోంది. వంటాయన పెళ్ళయిన మర్నాడు భార్యని తీసుకొచ్చి పొయ్యి చూపిస్తున్నాడు, ఆ సిగ్గు మీద మైకమ్మ పర్సులు జాగ్రత్త అంటోంది. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి వినిపిస్తుంటే మైకమ్మ మధ్యలో నిలబడి వింది. వీళ్ళ సంతోషాలన్నిట్లో తను ఉంది. ఎవరూ పిలవకుండానే అన్ని శుభకార్యాలకీ వెళ్ళొచ్చింది, ఆ సంగతే తనకి తెలియదు. తీసెయ్యాలనుకుంటే ఆ గొంతు తీసెయ్యవచ్చు, ఫోన్లలో అలాంటి సదుపాయాలున్నాయి. ఎవరూ తియ్యలేదు.

కావలసింది ఇంటర్వెల్ ఫోన్లోనే దొరికింది. ఏదో సినిమా వంద రోజులాడితే హాలు తుడిచేవాళ్ళూ, టార్చి చూపించేవాళ్ళూ కలిసి డాన్సు చేశారు. వాళ్ళు దుమ్ము లేపుతుంటే వెనకాల మైకమ్మ వీధి మూసే మాట చెబుతోంది. ఆయన శబ్దం పెంచి ఫోను అత్తగారి చెవి దగ్గర పెట్టాడు.

"ఇవాళ్టికి వీధి మూసే వేళయింది. పిల్లల చేతులు పట్టుకోండి. పెద్దవాళ్ళని ముందు నడవనీండి. తొందరలేదు, జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళండి. రేపు మళ్ళీ కలుద్దాం."

అత్తగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని లేచి నిలబడింది. "పదండి. ఇంటికెళ్ళమంటోంది." పక్క బెంచీల మీది జనం కూడా వాచీలు చూసుకుంటూ, ఇదేమిటి అప్పుడేనా అని లేవబోయారు. ఎండ ఇంకా గోడల మీదే ఉంది. వాళ్ళకి నచ్చజెప్పి కూర్చోబెట్టేసరికి బొమ్మల కొట్టాయన తల ప్రాణం తోకకొచ్చింది.

అత్తగారు మైకమ్మ వైపు చెయ్యి చాపింది. "మీరు నా చెయ్యి పట్టుకోండి. పెద్దవాళ్ళని ముందు నడవనిమ్మంది కదా, నేను ముందుంటాను."

ఇద్దరూ వీధి పొడుగునా నడిచారు. గడపల్లో నిలబడ్డవాళ్ళు ఇంకా లోపలికి వెళ్ళలేదు. ఒక్కొక్క గడప దాటుతుంటే మైకమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచింది. చెప్పులాయనకి, బేకరీ వాళ్ళకి, బట్టల కొట్టావిడకి. ఇన్నాళ్ళు అంత మాట్లాడిన నోటికి ఇవాళ చెప్పాల్సింది ఇంత ఉండి చెప్పే వీల్లేదు. వాళ్ళూ ఏమీ అనలేదు, పదమ్మా పద అన్నట్టు చేతులూపారు. వెనక సందు మలుపులో చక్రాల బూట్ల ఆవిడ ఇద్దరికీ రెండు బిస్కెట్లు చేతిలో పెట్టి, చక్రాల మీదే వెనక్కి జారిపోయింది.

సందులో రద్దీ లేదు. అత్తగారు బిస్కెట్టు కొరుకుతూ మాటల్లో పడింది.

"మా కోడలితో మీకు పరిచయం లేదు కదూ. నోరు పెద్దది గానీ మనిషి వెన్న. దాని మొహం మీద చెప్పకండి, నెత్తికెక్కుతుంది."

మైకమ్మ తల ఊపింది.

"మా ఆయన పోయినప్పుడు నేనూ అచ్చం మీలాగే అయిపోయానండీ. మాట మానేశాను. మానెయ్యాలని కాదు, రాలేదంతే. మా అబ్బాయి డాక్టర్ల చుట్టూ తిప్పాడు. చుట్టాలొచ్చి ఓదార్చి, వాళ్ళే ఏడ్చి వెళ్ళారు. ఇదేం చేసిందో తెలుసా? కూరలో ఉప్పు వెయ్యడం మానేసింది."

మెట్ల దగ్గరికి వచ్చారు. అత్తగారు కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కుతోంది, మధ్యమధ్య ఆగుతోంది.

"మొదటి పూట ఊరుకున్నాను. మర్నాడూ ఊరుకున్నాను. ఇంకో రోజు చూసి చూసి, కంచం తోసేసి తిట్టాను. వంటొచ్చినదానివేనా నువ్వు, ఉప్పు కొనడానికి డబ్బుల్లేవా అని. నేను తిడుతుంటే అది నవ్విందండీ. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని నవ్వింది. అప్పట్నుంచి రోజుకో దెబ్బలాట తెచ్చేది. నేను ఫ్యాను వేస్తే తీసేది, తీస్తే వేసేది. నాకు తెలియదనుకుంటుంది. హాస్టల్లో అంతమందికి వండిపెట్టినదాన్ని, ఉప్పు మర్చిపోయిన కూరకీ మానేసిన కూరకీ తేడా తెలియదా నాకు?"

మైకమ్మ మెట్టు మీద ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. తెలిసినట్టు ఈ మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారీ బయటపడలేదు, రోజూ దెబ్బలాడుతూనే వచ్చింది. కన్నీళ్ళు ఆగలేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

పై మెట్టు మీంచి అత్తగారు వెనక్కి తిరిగి చూసింది. ఒక మెట్టు దిగి, స్వెటరు చేతితో ఆవిడ మొహం తుడిచింది.

"ఏడవకండి. మాట ఎక్కడికీ పోదు. మా కోడల్ని రానీండి, మీతో కూడా ఏదో ఒక గొడవ పెట్టుకుంటుంది."